ఆసుపత్రుల్లో పొరపాట్లు తగ్గాలంటే సిబ్బందికి శిక్షణ పెంచితే సరిపోతుందా?

సరిపోదు. శిక్షణ అక్కర్లేదని కాదు. పొరపాటు జరిగిన ప్రతిసారీ ఒక మీటింగు పెట్టి, రిజిస్టరులో అందరి చేతా సంతకాలు పెట్టించి, 'ఇకమీదట జాగ్రత్త' అని పంపించేస్తే అదే పొరపాటు ఇంకో షిఫ్టులో మళ్ళీ జరుగుతుంది. రాత్రి రెండింటికి ముప్ఫై మంచాల వార్డుని ఇద్దరు సిస్టర్లు చూస్తున్నప్పుడు జాగ్రత్త ఎంతసేపు నిలుస్తుంది? నన్నడిగితే ముందు మందుల ట్రే మార్చాలి, ఉపన్యాసాలు తర్వాత.

సిజేరియన్ థియేటర్ సంగతే చూడండి. వెన్నులో మత్తుకి వాడేది బుపివకైన్ హెవీ, 0.5 శాతం, 4 మి.లీ. యాంపూల్, అంటే తల విరిచి వాడే చిన్న మందు సీసా. అందులోంచి 2 మి.లీ. అటూఇటూగా ఇస్తారు. రక్తస్రావం ఆపడానికి నరానికి ఇచ్చేది ట్రానెక్సమిక్ యాసిడ్, 5 మి.లీ. యాంపూల్‌లో 500 మిల్లీగ్రాములు. రెండూ నీళ్ళలా ఉంటాయి, రెండూ చిన్న గాజు యాంపూల్సే. మత్తు డాక్టరు చేతులు కడుక్కుని స్టెరైల్ గ్లౌజులు వేసుకున్నాక యాంపూల్ ముట్టుకోకూడదు. అసిస్టెంటు యాంపూల్ తల విరిచి పట్టుకుంటే డాక్టరు సూదితో లాక్కుంటాడు. ఆ సమయంలో లేబుల్ అసిస్టెంటు వేళ్ళ కింద ఉంటుంది. అసలు లోపం ఇక్కడే ఉంది. బిడ్డ గుండె చప్పుడు పడిపోతోందని హడావిడిగా తెచ్చిన కేసైతే చదివే తీరిక ఎవరికీ ఉండదు.

బుపివకైన్‌కి బదులు ట్రానెక్సమిక్ వెన్నులోకి వెళ్ళిందనుకోండి. ఐదు నిమిషాలైనా కాళ్ళు మొద్దుబారవు. స్పైనల్, అంటే వెన్ను మత్తు, పట్టలేదేమో అనుకుంటారు. ఈలోపు తల్లి నడుం, పిరుదులు మండిపోతున్నాయని అరుస్తుంది. కాళ్ళు ఎగరడం మొదలవుతుంది, తర్వాత ఒళ్ళంతా ఫిట్స్, ఆ తర్వాత గుండె లయ తప్పుతుంది. వైద్య పత్రికల్లోకి ఎక్కిన ఇలాంటి కేసుల్లో దాదాపు సగం మంది చనిపోయారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనిమీద 2022 మార్చిలో హెచ్చరిక కూడా ఇచ్చింది. అలాగని ట్రానెక్సమిక్‌ని థియేటర్ నుంచి తరిమేయలేం. కాన్పు తర్వాత రక్తం ఆగకపోతే 3 గంటల లోపు 1 గ్రాము ఇవ్వాలని చెప్పిందీ అదే సంస్థ. అది అక్కడ ఉండాల్సిందే, స్పైనల్ ట్రేలో మాత్రం ఉండకూడదు.

కాబట్టి చేయాల్సింది ఇది. ట్రానెక్సమిక్‌ని మత్తు ట్రాలీ నుంచి తీసి, గదిలో ఇంకో వైపు ఉన్న అల్మారాలో పెట్టాలి. యాంపూల్స్‌ని నిలబెట్టి గుచ్చకూడదు, పైనుంచి చూస్తే తలలే కనిపిస్తాయి. లేబుల్ పైకి ఉండేలా పడుకోబెట్టాలి. విరిచే ముందు అసిస్టెంటు మందు పేరు, శాతం, ఎక్స్‌పైరీ బిగ్గరగా చదవాలి. డాక్టరు లాక్కునే ముందు తన కళ్ళతో లేబుల్ చూడాలి. ఖాళీ యాంపూల్‌ని ఆపరేషన్ అయ్యేదాకా పారేయకూడదు, అనుమానం వస్తే వెతుక్కోడానికి అదొక్కటే ఆధారం. వెన్ను సూదులకి మాత్రమే పట్టే ప్రత్యేకమైన సిరంజిలు వచ్చాయి కదా అంటారు కొందరు. మంచివే, కానీ ఆ సిరంజిలోకి తప్పు మందు లాగితే అవేం ఆపుతాయి?

ఇంకో సంగతి కొనుగోలు విభాగంతో. టెండరు మారినప్పుడల్లా కంపెనీ మారుతుంది, కంపెనీతో పాటు యాంపూల్ రంగూ అక్షరాలూ మారతాయి. నిన్నటిదాకా ఎర్ర అక్షరాలున్న మందు ఇవాళ నీలి అక్షరాలతో వస్తుంది, థియేటర్‌కి ఒక్క కబురు ఉండదు. రూపాయి తక్కువకి కోట్ చేశారని ఆర్డరు పెట్టే ముందు ఒక శాంపిల్ తెప్పించి, థియేటర్ ఇన్‌చార్జి సిస్టర్ చేత పాత మందుల పక్కన పెట్టించి చూడటం ఎంత పని? దానికంటే గోడకి చేతులు కడిగే పోస్టరు అతికించడం తేలిక, తనిఖీకి వచ్చినవాళ్ళకి అది కనిపిస్తుంది కూడా.

వార్డులో ఇంతే ప్రమాదకరమైంది కేసీఎల్, అంటే పొటాషియం క్లోరైడ్. 15 శాతం, 10 మి.లీ. యాంపూల్‌లో 20 మిల్లీ ఈక్వివలెంట్లు (పొటాషియాన్ని కొలిచే లెక్క) ఉంటాయి. ఇది పలచన చేయకుండా నరంలోకి తోస్తే గుండె ఆగిపోతుంది. పొడి యాంటీబయాటిక్ కలపడానికి వాడే డిస్టిల్డ్ వాటర్ కూడా అదే సైజులో వస్తుంది. రెండూ ఒకే డబ్బాలో వేసిన వార్డులు ఇప్పటికీ ఉన్నాయి. కేసీఎల్‌ని మామూలు వార్డు నుంచి పూర్తిగా తీసేసి, ఫార్మసీలోనూ ఐసీయూలోనూ తాళం వేసి ఉంచాలి. ఇచ్చేటప్పుడు మామూలుగా గంటకి 10 మిల్లీ ఈక్వివలెంట్లు దాటకూడదు, అంతకుమించి కావాలంటే ఈసీజీ మానిటర్ కింద ఐసీయూలోనే. వేలాడుతున్న బాటిల్‌లోకి సిరంజితో పొడిచి వదిలేయడం ఇంకో పాడు అలవాటు. అది సెలైన్ కంటే బరువు, కింద గొట్టం దగ్గర చేరుతుంది, మొదట చిక్కటిదే ఒంట్లోకి పోతుంది. డ్రిప్ చక్రం మూసి, బాటిల్ దించి, కలిపి, ఒక పదిసార్లు తలకిందులు చేసి, స్టిక్కరు వేశాకే మళ్ళీ తగిలించాలి.

ఇన్సులిన్‌లో లెక్క తప్పుతుంది. మన దగ్గర వయల్స్ (రబ్బరు మూత సీసాలు) ఎక్కువగా మి.లీ.కి 40 యూనిట్లవి, పెన్నుల్లో వేసేవి 100 యూనిట్లవి. సిరంజికి ఎర్ర మూత ఉంటే 40, నారింజ మూత ఉంటే 100. మి.లీ.కి 100 యూనిట్ల ఇన్సులిన్‌ని ఎర్ర మూత సిరంజిలో 10 గీత దాకా లాగితే వెళ్ళేది 25 యూనిట్లు. అటుదిటైతే 10 అనుకున్నది 4 అవుతుంది, పొద్దున షుగర్ ఎందుకు తగ్గలేదని డోసు పెంచుతారు. కేస్ షీటులో 'యూ' అనే ఇంగ్లీషు అక్షరం రాస్తే సున్నాలా కనబడుతుంది, 4 కాస్తా 40 అవుతుంది. 'యూనిట్లు' అని పూర్తిగా రాయడానికి పెద్ద డాక్టర్లకి బద్ధకం, నిందపడేది సిస్టర్ మీద. ఫోన్లో ఆర్డరు చెబితే సిస్టర్ తిరిగి చదివి వినిపించాలి, ఫిఫ్టీన్, ఫిఫ్టీ ఫోన్లో ఒకేలా వినబడతాయి కాబట్టి 'వన్ ఫైవ్' అని అంకెలు విడివిడిగా పలకాలి.

పేరు అడిగే పద్ధతి కూడా మారాలి. 'లక్ష్మిగారేనా?' అంటే జ్వరంలో ఉన్నవాళ్ళు దేనికైనా 'ఆఁ' అంటారు. 'మీ పేరు చెప్పండమ్మా' అని అడిగి, చేతి పట్టీమీద ఐపీ నంబరుతో (ఆసుపత్రిలో చేరినప్పుడు ఇచ్చే నంబరు) సరిచూడాలి. ఒకే వార్డులో ముగ్గురు లక్ష్ములుండటం మన ఊళ్ళలో వింతేం కాదు. మంచం నంబరుని నమ్మితే అసలుకే మోసం, మధ్యాహ్నం మంచాలు మారుస్తారు.

రోగి వెంట ఉండే అటెండెంట్లకి కూడా ఒక మాట. బాటిల్ తొందరగా అయిపోతే డిశ్చార్జ్ చేస్తారని డ్రిప్ చక్రం తిప్పేవాళ్ళున్నారు. దయచేసి తిప్పకండి. అందులో ఏం కలిపారో చూడగానే తెలియదు, కేసీఎల్ కలిపిన సెలైన్ కూడా మామూలు సెలైన్‌లాగే ఉంటుంది. ఏదైనా మందు కలిపి తగిలిస్తే బాటిల్ మీద మందు పేరు, మోతాదు, కలిపిన టైము, కలిపినవాళ్ళ సంతకం ఉన్న స్టిక్కరు ఉందో లేదో చూడండి. లేకపోతే సిస్టర్‌ని పిలిచి అడగండి.