తుప్పు పట్టించాలా, తుప్పు రంగు అద్దాలా?

సందేహం: 1/35 స్కేలు (అసలులో 35వ వంతు) ప్లాస్టిక్ టి-34 మోడల్‌కు, అంటే రెండో ప్రపంచ యుద్ధం నాటి సోవియట్ ట్యాంకు నమూనాకు, రంగు వేశాక చేయాల్సిన చివరి పనుల గురించి తెలుగులో రాస్తున్నాను. వెదరింగ్ (మోడల్ వాడి పాతబడినట్టు చూపడం) అన్న మాటకు పదకోశంలో ‘శైథిల్యం’ అని ఉంది. వాడవచ్చా? ‘రంగు వెలసినట్టు చూపాలి’, ‘ఎగ్జాస్ట్‌కు (పొగ గొట్టానికి) చిలుము పూయాలి’, ‘తుప్పు పట్టించాలి’ అనడం సరైనదేనా?

సమాధానం: శైథిల్యం వద్దు. అది భూగోళ పాఠంలో రాళ్లు పగిలి మట్టయ్యే ప్రక్రియకు పెట్టుకున్న మాట. శిథిలమంటే మనకు కూలిన గోడలే కళ్లముందు కదులుతాయి. మీరు చూపించబోయేది కూలిన ట్యాంకును కాదు, బురదలో నడుస్తూ ఇంకా పోరాడుతున్న ట్యాంకును. వెదరింగ్ అనే రాయండి. విడమరచి చెప్పాల్సినచోట ‘వాడకపు గుర్తులు దిద్దడం’ అంటే సరిపోతుంది.

రంగు వెలిసిపోతుంది, వాన వెలుస్తుంది; ఇవి ‘వెలియు’ నుంచి వచ్చినవి. కొండ మీద దేవుడు వెలయడం ‘వెలయు’ నుంచి వచ్చింది. కాబట్టి ‘రంగు వెలిసినట్టు’ అనండి.

చిలుమును ఇనుముకూ వాడేవారున్నారు. అయినా ఎక్కువమంది పాఠకులకు ఆ మాట వినగానే రాగి, ఇత్తడి పాత్రల మీది పచ్చదనమే తోస్తుంది. రంగు ఎంచుకోవడానికి మీ వాక్యమే ఆధారం కనుక ఉక్కు ట్యాంకుకు తుప్పు అనే రాయాలి.

‘పట్టు’ అనే క్రియను జాగ్రత్తగా గమనించాలి. దుమ్ము, మసి, బూజు, తుప్పు వాటంతటవే పడతాయి. ‘ఎగ్జాస్ట్ గొట్టాలు తుప్పు పట్టి ఉంటాయి’ అని అసలు ట్యాంకు గురించి రాయవచ్చు. వేడికి రంగు కాలిపోవడం వల్ల టి-34 వెనక ఉండే ఆ రెండు గొట్టాలకూ తుప్పు సహజం. ప్లాస్టిక్‌కు తుప్పు పట్టదు. దానికి ‘తుప్పు రంగు అద్దాలి’. అయితే ‘పట్టించు’ను పూర్తిగా వదులుకోనక్కర్లేదు. తలకు నూనె పట్టిస్తామే, అలాగే పిగ్మెంట్ పొడిని (రంగు పొడిని) పొడి బ్రష్‌తో చక్రాల సందుల్లోకి పట్టించాలి. ఇక్కడ ఇంతకన్నా మంచి క్రియ దొరకదు.

ఏ క్రియ ఎక్కడ వాడాలో పనే చెబుతుంది. ఎయిర్‌బ్రష్‌తో (గాలితో రంగు చిమ్మే పరికరంతో) గ్లాస్ వార్నిష్, అంటే మెరిసే పూత, కొడతాం, మామూలు బ్రష్‌తో అయితే పూస్తాం. వాష్‌ను (బాగా పల్చన చేసిన రంగును) మాత్రం పూయకూడదు, దిద్దాలి. ఒక వంతు బర్న్ట్ అంబర్ (ముదురు గోధుమ) నూనె రంగుకు తొమ్మిది పది వంతుల వైట్ స్పిరిట్ (రంగును పల్చన చేసే ద్రవం) కలిపి, సన్నని కుంచె మొనను బోల్టు తలల మొదళ్లకు, వెల్డింగ్ అతుకులకు ఆనిస్తే రంగు తనే గీత వెంబడి పాకుతుంది. ‘వాష్ పూయండి’ అని రాస్తే చదివినవారు ట్యాంకంతా పూసేస్తారు. కింద గ్లాస్ వార్నిష్ లేకపోతే అది పాకకుండా మరకలా వ్యాపిస్తుంది. అడుగు రంగు ఎనామెల్ అయి, పైన రక్షణ పూత లేకపోతే వైట్ స్పిరిట్ దాన్ని కరిగిస్తుంది; అక్రిలిక్ అయితే ఆ భయం తక్కువ. అరగంట తర్వాత, వైట్ స్పిరిట్‌లో తడిపి పిండిన బ్రష్‌తో ఎక్కువైన రంగును పైనుంచి కిందికి లాగితే చారికలు మిగులుతాయి. వీటికి ‘గీతలు’ అనకండి. చారిక కారిన గుర్తు, గీత గీరుకున్న గుర్తు.

రంగు పోయినచోట్లకు ‘పెచ్చులూడడం’ చక్కగా అతుకుతుంది. స్పాంజి ముక్కను ముదురు గోధుమ రంగులో ముంచి, కాగితం మీద దాదాపు ఆరేదాకా అద్ది, ఆపైన సిబ్బంది ఎక్కిదిగే హాచ్ (పైమూత) అంచుల మీద అద్దండి. కాగితం మీద అద్దకపోతే చుక్కలకు బదులు ముద్దలు పడతాయి. అప్పుడది అద్దడం కాదు, పులమడం. ట్యాంకంతా నారింజ రంగు తుప్పు పులిమితే పోరులో ఉన్న బండి పాతసామాను కొట్టుకు చేరిన బండిలా కనిపిస్తుంది.

ట్రాక్ లింకులు (ట్యాంకు గొలుసు పట్టాల ముక్కలు) నేలకు ఒరుసుకునేచోట తుప్పు నిలవదు, అరిగి మెరుగు తేలుతుంది. అక్కడ మెత్తని గ్రాఫైట్ పెన్సిల్ ‘రుద్దండి’ అని రాయండి. మ్యాట్ వార్నిష్ (మెరుపు లేని పూత) కొట్టాకే ఈ పెన్సిల్ పని, పిగ్మెంట్ పని చేయాలన్న మాట కూడా చేర్చండి. ముందే చేస్తే వార్నిష్ కింద మెరుగు చచ్చిపోతుంది, పొడి నల్లబడి సగం మాయమవుతుంది.