రేవు లేని తీరంలో ఇంగ్లీషువాళ్లు మద్రాసు ఎందుకు కట్టారు?

ఓడలు ఆగడానికి చోటే లేని ఇసుక తీరాన్ని 1639లో ఎందుకు ఎంచుకున్నారన్నది మీ ప్రశ్న. ఒక్క మాటలో చెప్పాలంటే, బట్ట కోసం.

ఈస్టిండియా కంపెనీకి 1611 నుంచే మచిలీపట్నంలో వ్యాపార స్థావరం ఉంది. అక్కడ డచ్చివాళ్ల పోటీ, గోల్కొండ అధికారులతో తగవులు ఎక్కువ. 1626లో నెల్లూరు వైపు దుగరాజపట్నానికి వెళ్లారు, అక్కడ మంచి బట్ట దొరకలేదు. మద్రాసు దగ్గర మాత్రం 20 శాతం చవకగా దొరుకుతుందని కంపెనీ ఉద్యోగి ఫ్రాన్సిస్ డే పైవాళ్లకు రాశాడు. స్థలం ఇచ్చింది ఆ ప్రాంతాన్ని ఏలే దామర్ల వెంకటాద్రి నాయకుడు.

ఇక సముద్రం సంగతి. ఓడలు దూరంగా లంగరు వేసేవి. సరుకు, మనుషులు మసులా పడవల్లోనే ఒడ్డుకు చేరాలి. ఈ పడవలకు మేకులుండవు, పలకల్ని కొబ్బరి తాళ్లతో కుట్టేవారు. అందుకే అలలు బాదినా విరగకుండా వంగేవి. నాకు ఎంతో గొప్పగా అనిపించే పనితనం ఇది! కంపెనీ అక్కడ కట్టుకున్న కోటలో ఎంత పెద్ద దొరైనా ఆ పడవవాళ్ల నైపుణ్యం మీదే ఆధారపడాలి. అక్టోబరులో ఈశాన్య రుతుపవనాలు మొదలైతే తుఫానుల భయంతో ఓడలు వెళ్లిపోయేవి. ఊరి వ్యాపారమంతా ఆ లెక్కతోనే నడిచేది.

కోట గోడ బయట, ఇంగ్లీషువాళ్లు ‘బ్లాక్ టౌన్’ అని పిలిచిన నల్లవాళ్ల పట్నంలో తెలుగు, తమిళ వర్తకులు, నేతగాళ్లు స్థిరపడ్డారు. వర్తకులు కంపెనీ డబ్బును నేతగాళ్లకు బయానాగా ఇచ్చి బట్ట రాబట్టేవారు. 1730ల్లో నేతగాళ్ల కోసమే చింతాద్రిపేట కట్టించారు.