ఇల్లు అమ్మారా, ఇళ్ళు అమ్మారా?

భాషా సందేహాలు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మాది వరంగల్ వైపు. పెళ్ళయి రాజమహేంద్రవరం వచ్చి పన్నెండేళ్ళయింది. "మా తమ్ముడు వచ్చిండు" అని నేనంటే మా ఆడపడుచులు ఇప్పటికీ ముసిముసిగా నవ్వుకుంటారు. దానికి అలవాటు పడ్డాను. ఈ మధ్య మాత్రం అయిదో తరగతి చదువుతున్న మా అబ్బాయి "అమ్మా, వచ్చిండు కాదు, వచ్చాడు అనాలి" అని నలుగురిలో నన్ను దిద్దుతున్నాడు. వాడే ‘పెళ్ళి’ని ‘పెల్లి’ అంటాడు, దాన్ని ఎవరూ పట్టించుకోరు. మావారిని అడిగితే "చెప్పింది అర్థమైతే చాలదా, ఈ గొడవంతా ఎందుకు" అంటారు. రోజువారీ మాటల్లో వ్యాకరణమూ ఉచ్చారణా సరిగా ఉండడం నిజంగా అవసరమా? అవసరమైతే ఎవరిది సరైనట్టు?
(పేరు ప్రచురించవద్దన్న పాఠకురాలు, రాజమహేంద్రవరం)

జవాబు: అమ్మా, మీ అబ్బాయి తప్పు కానిదాన్ని దిద్దుతూ, తాను చేస్తున్న తప్పును గమనించడం లేదు. అందులో వాడి దోషమేమీ లేదు. ఇంట్లో పెద్దవాళ్ళు ఏ మాటకు నవ్వుతారో ఆ మాటే తప్పని పిల్లలు అనుకుంటారు. కాబట్టి ముందు ‘వచ్చిండు’ సంగతి తేల్చుకుందాం. పాత తెలుగులో ఈ క్రియకు ‘వచ్చినాఁడు’ అనే నిండు రూపం ఉండేది. గోదావరి, కృష్ణా తీరాలవారు దాన్ని కుదించి ‘వచ్చాడు’ చేసుకున్నారు, మీ వైపువారు ఇంకో దారిన కుదించి ‘వచ్చిండు’ చేసుకున్నారు, రాయలసీమవారు ‘వచ్చినాడు’ అంటూ ఆ పాత రూపాన్ని దాదాపు అలాగే నిలుపుకున్నారు. పాతదానికి దగ్గరగా ఉన్నదే సరైనదనే కొలత పెట్టుకుంటే బహుమతి కడపకో అనంతపురానికో పోతుంది తప్ప రాజమహేంద్రవరానికి రాదు. చిన్నయసూరి 1858లో వెలువరించిన బాలవ్యాకరణం ప్రకారం చూసినా ‘వచ్చాడు’ గ్రామ్యమే, అంటే రాతకు పనికిరాని నోటి మాటే.

మీ ఆడపడుచులు ‘వచ్చాడు’ అంటున్నప్పుడు ఒకసారి చెవి పెట్టి వినండి. రాతలో ఉన్న ‘చా’ వారి నోట వినబడదు. ‘మేక’ అన్నప్పుడు నోరు వెడల్పుగా తెరిచి పలికే ఏకారానికి దగ్గరైన ఒక అచ్చు వినబడుతుంది. దానికి మన వర్ణమాలలో అక్షరమే లేదు. అక్షరం లేని అచ్చును పలుకుతున్నారని వారిని ఇంతవరకు ఎవరూ నవ్వలేదు, నవ్వవలసిన పనీ లేదు.

వాడుక భాష బడిపుస్తకాల్లోకి రావాలని జీవితమంతా పోరాడిన గిడుగు వెంకట రామమూర్తి 1863 ఆగస్టు 29న పుట్టారు, ఆ రోజును తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. అలా గెలిచిన వాడుక భాష ప్రధానంగా కోస్తా జిల్లాల చదువరుల నోటి భాష కావడంతో, మనకు కావలసింది బడి పలుకుల భాష కాదని, పలుకుబడుల భాష అని కాళోజీ నారాయణరావు నిలదీశారు. 1914 సెప్టెంబరు 9న పుట్టిన ఆయన పేరు మీద ఆ తేదీన తెలంగాణ భాషా దినోత్సవం జరుగుతోంది. పదకొండు రోజుల ఎడంతో వచ్చే ఈ రెండు పండుగల మధ్య ఉన్న వాదమే మీ వంటింట్లోనూ నడుస్తోంది. ఎవరూ ఎవరికీ సర్దిచెప్పనక్కరలేదు. మీరు ‘వచ్చిండు’ అంటూనే ఉండండి. పరీక్ష కాగితంలో ‘వచ్చాడు’ అని రాయాలని మీ అబ్బాయికి చెప్పండి, వరంగల్ వెళ్ళినప్పుడు మేనమామతో ‘వచ్చిండు’ అని మాట్లాడనివ్వండి. రెండూ పట్టేంత పెద్దదే ఆ వయసు పిల్లవాడి నోరు.

‘పెల్లి’ విషయం అలాంటిది కాదు. ల, ళల తేడా మీద తెలుగులో చాలా వ్యవహారం నడుస్తుంది. ‘ఇల్లు’ అంటే ఒకటి, ‘ఇళ్ళు’ అంటే కొన్ని. ‘ముల్లు’, ‘ముళ్ళు’ కూడా అంతే. "ఇల్లు కాలింది", "ఇళ్ళు కాలాయి" అన్నప్పుడు నాలుక తడబడినా ఫరవాలేదు, చివరన వచ్చే క్రియ ఆదుకుంటుంది. కల్లు పుల్లగా ఉంటుంది, కళ్ళు ఎర్రగా ఉంటాయి. కల్లుకు ఏకవచనం, కళ్ళకు బహువచనం వస్తాయి గనుక అక్కడా ఉచ్చారణలో జరిగిన పొరపాటును వ్యాకరణం సర్దేస్తుంది. అయితే "మా బావ ఊళ్ళో ఇల్లు అమ్మేశాడు" అన్నదానికీ "ఇళ్ళు అమ్మేశాడు" అన్నదానికీ మధ్య తేడా చూపించే సాక్షి ఆ వాక్యంలో మరెక్కడా లేదు. క్రియ బావతో కలిసిపోయింది, ఇళ్ళ లెక్క దానికి అక్కరలేదు. అన్నదమ్ముల పంపకాల దగ్గర కూర్చున్నవారికి ఆ ఒక్క ధ్వని విలువ ఎంతో నేను చెప్పనక్కరలేదు. మీ అబ్బాయిని నాలుక కొన వెనక్కి మడిచి అంగిలికి తాకించి ‘ళ’ అనమనండి. ‘ఇల్లు, ఇళ్ళు’, ‘ముల్లు, ముళ్ళు’ అని ఆటగా నాలుగు రోజులు పలికిస్తే దానంతట అదే పట్టుబడుతుంది.

ఇక మీవారి మాట. అందులో సగానికి మించి నిజముంది. చాలాకాలం కిందట ఒక చిన్న పట్టణంలో, బస్టాండు ఎదుట కట్టిన గుడ్డ బ్యానరు మీద ‘ఉచిత కల్ల పరీక్షలు’ అని రాసి ఉండడం చూశాను. కల్ల అంటే అబద్ధం. అబద్ధాలను ఉచితంగా పరీక్షిస్తామంటున్న ఆ బ్యానరు కింద ఉదయం ఎనిమిదింటికే ముసలివాళ్ళు, చేతికర్రలూ పాత కళ్ళజోళ్ళూ పట్టుకుని, వరుసలో నిలబడ్డారు. పొరపాటున వచ్చినవారు ఒక్కరూ లేరు. నేనొక్కణ్ణే నవ్వుకుంటూ అక్కడ నిలబడి నా బస్సు పోగొట్టుకున్నాను. ఎదురుగా మనిషీ చోటూ సందర్భమూ ఉన్నప్పుడు మాటలో చిన్న లోపాలను అవే పూరిస్తాయి, మీవారు చెప్పేది అదే.

ఆ ఆసరా ఏదీ లేనిచోట, అంటే ఫోనులోనో చీటీ మీదనో, వ్యవహారం మారిపోతుంది. మందుల షాపులో కవరు మీద ‘తిన్నాక’ అని రాయవలసినచోట తొందరలో ‘తినక’ అని రాశారనుకోండి. పోయినవి ఒక నకారపు ఒత్తూ ఒక దీర్ఘమే, కానీ అన్నం తిన్న తరువాత వేసుకోవలసిన మాత్ర పరగడుపున కడుపులో పడుతుంది. ‘కలం’, ‘కాలం’ ఒకటి కావు, ‘గుడి’, ‘గుడ్డి’ ఒకటి కావు. హ్రస్వదీర్ఘాలనూ ద్విత్వాలనూ తెలుగునాట ఏ యాసవారూ వదులుకోలేదని గమనించండి. శ్రీకాకుళం నుంచి ఆదిలాబాదు దాకా మాట తీరు ఎంత మారినా ఈ తేడాలు చెదరలేదు, ఎందుకంటే ఇవి చెదిరితే మాట చేరవలసినచోటికి చేరదు. మీ ఇంట్లో ఎవరిని ఎక్కడ దిద్దాలన్నదానికి ఇంతకంటే మంచి కొలత నాకు దొరకలేదు.

ప్రశ్న: ముప్ఫయ్యేళ్ళు తెలుగు చెప్పి పదవీ విరమణ చేశాను. హార్దిక, అతిథి, ప్రాథమిక అని ఉండవలసినచోట ‘హార్థిక శుభాకాంక్షలు’, ‘ముఖ్య అతిధి’, ‘ప్రాధమిక పాఠశాల’ అన్న ఫ్లెక్సీలు చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. టీవీలో శ, ష, సలకు తేడా లేదు. మా బంధువుల వాట్సాప్ గ్రూపులో ఒక పెద్దాయన పోయినప్పుడు ఎవరో ‘అశృనయనాలతో’ అని పెడితే ‘అశ్రునయనాలతో’ అని దిద్దాను. అప్పటి నుంచి ఆ గ్రూపులో నాతో ఎవరూ మాట్లాడడం లేదు. నేను చేసినది తప్పా?
(ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, గుంటూరు)

జవాబు: మాస్టారూ, మీరు దిద్దిన అక్షరం సరైనదే, దిద్దిన సమయమే సరైనది కాదు. ఏడుస్తున్నవాళ్ళ మధ్యకు వెళ్ళి కన్నీటికి వట్రుసుడి రాదని చెబితే వినేదెవరు? పైగా ‘శ్రు’, ‘శృ’ రెండింటినీ నేటి తెలుగు నోరు ఒకేలా పలుకుతుంది. చెవి చెప్పలేని తేడాను కేవలం కంటితో గుర్తుపెట్టుకోవాలంటే మీలా ముప్ఫయ్యేళ్ళు నల్లబల్ల ముందు నిలబడినవారికే సాధ్యం. అరసున్నా శకటరేఫా రాతలోంచి తప్పుకున్నది కూడా ఇలాగే. ‘గుఱ్ఱం’ ‘గుర్రం’ అయినందువల్ల దాని పరుగేమీ తగ్గలేదు.

ఒత్తుల విషయంలో నాది రెండు నాలుకల ధోరణి అనుకున్నా అనుకోండి. అచ్చతెలుగు మాటల్లో ఖ, థ, ధ, భ వంటి ఒత్తక్షరాలు లేవు. అవి సంస్కృతంతోపాటు వచ్చినవి కాబట్టి పొలం గట్టు మీద రైతు ‘బూమి’ అంటే అది ఆయన తాతముత్తాతల నోటి తీరు, దాన్ని దిద్దబోవడం అధిక ప్రసంగం. బోర్డు రాయించేవారికీ, వార్తలు చదివేవారికీ, పాఠం చెప్పేవారికీ మాత్రం ఆ సడలింపు ఇవ్వలేను. ‘అర్ధం’ అంటే సగం. కాలేజీ గోడ మీద ‘అర్ధశాస్త్రం’ అని రాస్తే చెప్పేది సగం శాస్త్రమేనని ముందే ఒప్పుకున్నట్టవుతుంది. పెద్దగా చదువుకోకపోయినా వ్యాకరణం నేర్చుకో నాయనా, స్వజనం కాస్తా శ్వజనం, అంటే కుక్కల గుంపు, కాకుండా ఉంటుంది, సకలం శకలం, అంటే ముక్క, కాకుండా ఉంటుంది అని కొడుకుకు తండ్రి చెప్పే పాత శ్లోకం మీకు కంఠస్థమే అయి ఉంటుంది. నోటి మాటతోనే జీతం తీసుకునేవారు ఆ శ్లోకాన్ని గుర్తుంచుకుంటే చాలు.

మీ వంటివారితో చనువుగా ఇంకో మాట చెప్పాలి. దిద్దే చేయి కూడా తప్పటడుగు వేస్తుంది. గ్రాంథికమే రాయాలని పట్టుబట్టిన పండితుల రచనల్లోంచే గ్రాంథిక వ్యాకరణం ఒప్పని ప్రయోగాలను గిడుగువారు ఏరి చూపించారు. ఏడాది తిరిగాక ఆ పెద్దాయన ‘వర్ధంతి’ అని అదే గ్రూపులో మనందరం రాస్తాం, బహుశా మీరూ రాస్తారు. వృద్ధి పొందడం అన్న అర్థంలోంచి వచ్చిన ఆ మాట నిజానికి పుట్టినరోజుకు చెందినది, శృంగేరి మఠంలో నేటికీ స్వామివారి జన్మదినాన్నే వర్ధంతి అంటారు. తెలుగువారు దాన్ని చావుకు ముడివేశారు, ఆ ముడి బిగిసిపోయింది, ఇప్పుడు ఎవరినైనా జన్మదినాన ‘వర్ధంతి శుభాకాంక్షలు’ అని పలకరిస్తే దెబ్బలు తప్పవు. ఫ్లెక్సీల మాటకొస్తే, అవి అచ్చుకు వెళ్ళే ముందు ఒకసారి చూపించమని మీ వీధి చివర ఉన్న షాపువాడితో చెప్పి చూడండి. టీ తాగుతూ అయిదు నిమిషాల్లో చేయగలిగిన పని అది, ఎవరి మనసూ నొవ్వదు.

ప్రశ్న: మా పాపకు ఎనిమిదేళ్ళు, న్యూజెర్సీలోనే పుట్టింది. తెనాలిలో ఉన్న మా అమ్మతో ఫోనులో "అమ్మమ్మా, మనం రేపు బీచికి వెళ్తున్నాం" అంటుంది. "డాడీ వచ్చింది" అంటుంది. దిద్దబోతే చటుక్కున ఇంగ్లీషులోకి మారిపోతుంది. అలా వదిలేయడమేనా?
(ఒక తల్లి, న్యూజెర్సీ)

జవాబు: అమ్మా, "డాడీ వచ్చింది" గురించి బెంగ వద్దు. అమ్మ వచ్చింది, బస్సు వచ్చింది, కుక్క వచ్చింది అని రోజూ వింటున్న పిల్ల డాడీ కూడా వచ్చింది అనుకోవడంలో తర్కం ఉంది, కేవలం మన భాష ఆ తర్కానికి లొంగలేదు. తప్పని చెప్పకండి. "అవునా, డాడీ వచ్చారా? చేతిలో ఏం తెచ్చారు?" అని మీరు మామూలుగా అందుకోండి. సరైన రూపం చెవిన పడుతుంది, మాటా తెగదు. ఇంగ్లీషులోకి పారిపోయే పిల్లతో వాక్యం తప్పుగానైనా తెలుగులో సాగడమే ముఖ్యం.

‘మనం’ మాత్రం గట్టిగా పట్టుకోవలసినది. ఎదుటివారిని కలుపుకుంటే మనం, కలుపుకోకపోతే మేము. తమిళులకు నాం, నాంగళ్ అని ఇదే తేడా ఉంది, ఇంగ్లీషులో లేదు, హిందీలో లేదు, కన్నడంలో ఒకప్పుడు ఉండి నేటి వాడుకలో పోయింది. రెంటికీ ఒకే మాటతో సరిపెట్టుకునే భాష బడిలో రోజంతా మాట్లాడి వచ్చిన పిల్లకు ఈ ఎడం కనబడకపోవడం సహజమే. అయినా ఇది వ్యాకరణం పుస్తకానికి పరిమితమైన సంగతి కాదు. ‘మనం’ అన్న మాట వినగానే తెనాలిలో మీ అమ్మగారు తాను కూడా ఆ ప్రయాణంలో ఉన్నట్టు ఒక్క క్షణం అనుకుంటారు, మరుక్షణం కాదని తెలిసి నవ్వుకుంటారు. సూత్రాలు వల్లె వేయిస్తే ఇది రాదు. మీ అమ్మగారితో ముందే ఒక మాట అనుకుని ఉంచండి. పాప "మనం రేపు బీచికి వెళ్తున్నాం" అన్న ప్రతిసారీ "అయితే ఉండు తల్లీ, చెప్పులు వేసుకుని వస్తాను" అనమనండి.