పెడల్ మీద కాళ్లు, కంట్రోలర్ మీద వేళ్లు

పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మేము వైట్‌ఫీల్డ్‌లో ఒక అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాము. పగలంతా ఆఫీసు పనితో కంప్యూటర్ ముందే గడిచిపోతుంది. రాత్రిపూట విజయవాడలో ఉన్న మా తమ్ముడితో ఆన్‌లైన్‌లో కలిసి వీడియో గేమ్ ఆడటమే నాకున్న కాలక్షేపం. ట్రెడ్‌మిల్ మీద నడుస్తూ ఆడితే వ్యాయామం కూడా అయిపోతుందని తమ్ముడు అంటున్నాడు. అది రెండు పడవల మీద ప్రయాణమని మావారు అంటున్నారు. ఎవరి మాట వినాలి? – ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: మీ తమ్ముడి ఆలోచన మంచిదే, కానీ ఎంచుకున్న యంత్రం తగినది కాదు. ట్రెడ్‌మిల్‌కు బదులు వ్యాయామ సైకిల్ తీసుకోండి. ఇంట్లో వాడే మామూలు వ్యాయామ సైకిళ్లలో మీరు తొక్కడం ఆపగానే పెడల్ కూడా నెమ్మదించి ఆగిపోతుంది; ట్రెడ్‌మిల్ మీద మీరు ఆగినా బెల్టు ఆగదు. ఆటలో తమ్ముడి పాత్ర ప్రమాదంలో పడిన క్షణంలో మీ అడుగు తడబడటం సహజం. అప్పుడు రెండు చేతుల్లోనూ కంట్రోలర్ ఉంటుంది కనుక పక్కనున్న కడ్డీని పట్టుకోవడానికి వీలుండదు. తెర మీద దృశ్యం గిర్రున తిరిగే ఆటలైతే, కన్ను చెప్పే కదలిక ఒకటి, లోపలి చెవి చెప్పే కదలిక మరొకటి కావడంతో కొందరికి తల తిరుగుతుంది. అపార్ట్‌మెంట్లలో మరో చిక్కు కూడా ఉంది: కరెంటు పోతే టీవీ, వైఫై యూపీఎస్ మీద నడుస్తూనే ఉంటాయి, ట్రెడ్‌మిల్‌కు మాత్రం సాధారణంగా ఆ లైను ఇవ్వరు. ఆట సాగుతూనే ఉండగా కాళ్ల కింద బెల్టు నిలిచిపోతుంది. ట్రెడ్‌మిల్ ఇప్పటికే కొని ఉంటే, గంటకు 2, 3 కిలోమీటర్లకు మించని వేగం పెట్టి, సేఫ్టీ క్లిప్‌ను (మీరు జారితే ఊడివచ్చి బెల్టును ఆపేసే తాడు) దుస్తులకు తగిలించుకుని, వంతులవారీగా ఎత్తు వేసే ఆటలకే పరిమితం కండి.

మీవారి అనుమానాన్ని కూడా కొట్టిపారేయలేము. మనసు ఆటలో మునిగితే కాళ్లు తమకు తెలియకుండానే నెమ్మదిస్తాయి. అరగంట తొక్కామనుకున్నదానిలో సగం కాళ్లు ఊపుతూ కూర్చోవడమే కావచ్చు. ఒంటరిగా ఆడేవారికి ఇది పట్టుకోవడం కష్టం. కలిసి ఆడేవారికి మాత్రం ఒక కొలత చేతిలోనే ఉంది, అది హెడ్‌సెట్‌లో వినిపించే మీ గొంతు. మాట్లాడగలిగి, పాట పాడలేనంత ఆయాసం ఉంటే అది మధ్యస్థమైన వ్యాయామమని వైద్యులు చెప్పే పరీక్ష. సహకార ఆటల్లో ‘నువ్వు తలుపు తియ్యి, నేను పైకి వెళతాను’ అంటూ మాట్లాడక తప్పదు కనుక ఈ పరీక్ష ఆడినంతసేపూ జరుగుతూనే ఉంటుంది. మీ మాట సోఫాలో కూర్చున్నట్టు సాఫీగా వస్తుంటే తమ్ముడు హెచ్చరించాలి; రెండు మాటలకొకసారి ఊపిరి అందకపోతే మీరే పెడల్ బిగువు తగ్గించుకోవాలి. పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాల మధ్యస్థ వ్యాయామం ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు చెబుతున్నాయి. రోజుకు అరగంట చొప్పున వారానికి 5 రాత్రులు ఆడితే ఆ లెక్క సరిపోతుంది.

ఆట ఎంపికలో కొంచెం ఆలోచించాలి. ఓవర్‌కుక్డ్ వంటి వంటింటి హడావిడి ఆటలో ఆర్డర్లు మీద పడగానే కాళ్లు ఆగిపోతాయి. 2021లో వచ్చిన ఇట్ టేక్స్ టూ ఇద్దరు కలిసి ఆడటానికే తయారైనది, నాకు ఇష్టమైనది కూడా, కానీ అందులోని గురిచూసి దూకే ఘట్టాలు తొక్కుతూ ఆడేవారికి విసుగు తెప్పిస్తాయి. పొలం పనుల ఆట స్టార్‌డ్యూ వ్యాలీ మీకు నప్పుతుంది. అందులో ఒక రోజు మన గడియారంలో దాదాపు 14 నిమిషాలు. రెండు రోజులు సాగు చేస్తే అరగంట అయినట్టే, రోజుకూ రోజుకూ మధ్య మంచినీళ్లు తాగే విరామం కూడా దొరుకుతుంది. సీటు ఎత్తు మాత్రం సరిచూసుకోండి: పెడల్ అడుగున ఉన్నప్పుడు మోకాలు కొద్దిగా వంగి ఉండాలి. హ్యాండిల్ వదిలి కంట్రోలర్ పట్టుకోవాలి కనుక వెనుక ఆనుకునే సీటున్న సైకిల్ అయితే నడుముకు సుఖం.

ప్రశ్న: నాకు 63 ఏళ్లు, రక్తపోటుకు మాత్రలు వాడుతున్నాను. సెలవులకు వచ్చిన మనవడు నన్ను సైకిల్ ఎక్కించి రెండో కంట్రోలర్ చేతిలో పెడుతున్నాడు. యంత్రం చూపించే గుండె వేగాన్ని బట్టి తొక్కవచ్చా? – ఒక పాఠకుడు, వేళచ్చేరి, చెన్నై

జవాబు: ముందు మీ డాక్టరును అడిగి మొదలుపెట్టండి. మెటోప్రొలాల్, అటెనొలాల్ వంటి మాత్రలు గుండె వేగాన్ని పెరగనివ్వవు కనుక, మీరు వాడేవి అవే అయితే ఆ అంకె తక్కువగా ఉన్నా శరీరం బాగా అలసిపోయి ఉండవచ్చు. పైన చెప్పిన మాట పరీక్షనే నమ్మండి. చెన్నై ఉక్కపోతలో చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు, అదే శ్రమకు గుండె మరింత కష్టపడుతుంది. ఫ్యాన్ ఎదురుగా పెట్టుకుని తక్కువ సేపటితో ప్రారంభించండి. ఆట ముగియగానే దిగిపోకుండా మూడు నాలుగు నిమిషాలు తేలికగా తొక్కండి, లేకపోతే రక్తపోటు తగ్గి కళ్లు తిరగవచ్చు. ఛాతీలో బరువుగా అనిపిస్తే మనవడు ఎంత బతిమాలినా ఆట అక్కడే ఆపి, వెంటనే వైద్యసహాయం తీసుకోండి.

ప్రశ్న: మనం తొక్కే వేగాన్ని బట్టి ఆటలోని బొమ్మ కదిలే ఆటలు ఉన్నాయా? – ఒక విద్యార్థి, మారతహళ్లి, బెంగళూరు

జవాబు: ఉన్నాయి. 2014లో మొదలైన జ్విఫ్ట్ అందులో ప్రసిద్ధమైనది. దాని సామూహిక వ్యాయామాల్లో బలవంతుడు, బలహీనుడు అన్న తేడా లేకుండా అందరినీ ఒకే గుంపుగా ఉంచే ఏర్పాటు ఉంది కనుక స్నేహితులు వెనకబడిపోరు. నెలవారీ చందా కట్టాలి, సైకిల్ నుంచి వేగాన్నో శక్తినో పంపే సెన్సర్ కూడా ఉండాలి. 2019లో నింటెండో తెచ్చిన రింగ్ ఫిట్ అడ్వెంచర్ పేరు కూడా మీకు వినిపిస్తుంది. దాని ప్రధాన కథ ఒక్కరు ఆడేదే, దానికి సైకిల్‌తో పని లేదు.