సైకిల్ సందేహాలు: నేలంతా చదును, మీటర్‌లో మాత్రం కొండలు

ప్రశ్న: రావులపాలెం నుంచి సిద్ధాంతం వంతెన దాటి వెళ్లొస్తుంటానండి. వంతెన ఎక్కుతున్నప్పుడు సైకిల్ కంప్యూటర్‌లో (హ్యాండిల్ మీది మీటర్‌లో) రోడ్డు వాలు సున్నా ఉంటుంది, పైకెక్కి చదునుగా పోతుంటే 4 శాతం అంటుంది. పక్క నుంచి లారీ దూసుకెళ్తే ఒక్కోసారి 9 కూడా పడుతుంది. పొద్దున 9కి బయల్దేరి మధ్యాహ్నం 3కి ఇంటికొస్తే అదే గుమ్మం దగ్గర ఎత్తు 25 మీటర్లు పెరిగి ఉంటోంది. టైరు సైజు మార్చి చూశాను, లాభం లేదు. మీటర్ పాడైందంటారా?
(రావులపాలెం పాఠకుడు)

జవాబు: పాడవలేదు. మీరు రాసినవి ఒకదానికొకటి సంబంధం లేని మూడు సంగతులు. మూడింటికీ ఒకే మందు వెతకడం వల్లే టైరు సైజు దాకా వెళ్లారు.

మీ కంప్యూటర్ ఎత్తును గాలి ఒత్తిడి నుంచి లెక్కగడుతుంది. సముద్రమట్టానికి దగ్గరగా ఉండే మన వెచ్చటి గాలిలో ఒత్తిడి 1 మిల్లీబార్ తగ్గితే ఎత్తు సుమారు 8.5 నుంచి 9 మీటర్లు పెరిగినట్టు. ఎక్కిన ఎత్తును నడిచిన దూరంతో భాగించి వందతో గుణిస్తే వాలు శాతం. 20 మీటర్ల దూరంలో ఎత్తు అర మీటరు తప్పినా వాలు 2.5 శాతం తప్పుతుంది. అంకె అలా గంతులు వేయకుండా కంప్యూటర్ కొన్ని సెకన్ల కొలతలను సగటు చేసి చూపిస్తుంది. గంటకు 25 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు దాదాపు 7 మీటర్లు. సగటు 10 సెకన్లదైతే మీరు 70 మీటర్లు వెళ్లేదాకా సరైన అంకె రాదు. ఘాట్ రోడ్డులో ఆ 70 మీటర్లు లెక్కలోకే రావు, కానీ మన వంతెనల ఎక్కుడు మొత్తం ఎంతని? అంకె కుదురుకునేలోపు పైకి చేరిపోతారు, ఎక్కినప్పటి వాలు చదునులో కనిపిస్తుంది. దీనికి మరమ్మతు లేదు. ఎక్కుడు చివరి మూడో వంతులో కనబడే అంకెనే నమ్మండి. ఒక ఆనవాలు కూడా చెప్తాను: మైదాన ప్రాంతపు హైవేలకు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మామూలుగా అనుమతించే వాలు 3.3 శాతం, అంటే 30 మీటర్లకు 1 మీటరు. హైవే వంతెన మీద 9 కనబడితే అది రోడ్డుది కాదు.

ఎవరిదంటే, లారీది. పెద్ద బండి పక్కనుంచి పోయినప్పుడు గాలి ఒత్తిడి ఒక్కసారి కదులుతుంది. ఎదురుగాలి చేసేదీ ఇదే. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో తగిలే గాలి ఎదురుగా ఉన్న తలం మీద దాదాపు 0.4 మిల్లీబార్ అదనపు ఒత్తిడి పెడుతుంది, అంటే మూడున్నర మీటర్ల ఎత్తుతో సమానం. అదంతా ఒత్తిడి కొలిచే సెన్సర్ రంధ్రం దాకా చేరదు కానీ సగం చేరినా వాలు అంకె చెడుతుంది. కంప్యూటర్ అడుగున రంధ్రం ఎక్కడుందో చూసి, అది నేరుగా గాలికి ఎదురుగా లేకుండా మౌంట్ సర్దండి.

ఇక 25 మీటర్ల సంగతి. ఉష్ణమండలంలో గాలి ఒత్తిడికి రోజూ రెండు పోట్లు, రెండు పాట్లు ఉంటాయి. ఉదయం 10, రాత్రి 10 ప్రాంతాల్లో ఎక్కువ, తెల్లవారుజామున 4, సాయంత్రం 4 ప్రాంతాల్లో తక్కువ. ఉదయం పదికీ సాయంత్రం నాలుక్కీ తేడా 3, 4 మిల్లీబార్లు ఉండొచ్చు, అంటే పాతిక ముప్పై మీటర్లు. మీ ఇల్లు ఎక్కడికీ పోలేదు, ఒత్తిడి తగ్గిందంతే. తెల్లవారుజామున బయల్దేరేవాళ్లకు ఇదే తిరగబడి, తొమ్మిదింటికి ఊరు సముద్రమట్టం కిందికి దిగినట్టు కనిపిస్తుంది. బంగాళాఖాతంలో వాయుగుండం పడ్డ రోజు ఎత్తు అంకెను అసలు పట్టించుకోకండి. మిగతా రోజుల్లో బయల్దేరే ముందు ఇంటి ఎత్తును చేత్తో సెట్ చేయండి. ఏసీ గదిలోంచి తెచ్చిన మీటర్‌ను 10 నిమిషాలు బయట ఉంచి, జీపీఎస్ దొరికాక సెట్ చేస్తే నిలకడగా ఉంటుంది.

ఈ నెమ్మది మార్పు వాలును మాత్రం ముట్టుకోదు. గంటకు 5 మీటర్లు తప్పిందనుకున్నా, ఆ గంటలో మీరు 25 కిలోమీటర్లు వెళ్తారు కనుక వాలులో తప్పు 0.02 శాతమే. టైరు సైజూ అంతే. 2050 మిల్లీమీటర్ల చుట్టుకొలత ఉన్న చక్రానికి 2105 అని పెడితే, 5 శాతం వాలు 4.9గా కనిపిస్తుంది. మార్చిన అంకెను వెనక్కి పెట్టేయండి, దూరమైనా సరిగా వస్తుంది.

నిజంగా చెడిందో లేదో డాబా మెట్ల దగ్గర తేలిపోతుంది. కింద ఒక నిమిషం ఉంచి పైకెక్కండి. ఒక్కో అంతస్తుకు దాదాపు 3 మీటర్లు పెరగాలి. రెండంతస్తులు ఎక్కినా కదలకుండా ఉండి, తర్వాత ఒక్కసారి ఎగిరిందంటే రంధ్రం మూసుకుపోయినట్టే. కాలువ గట్ల మీద తిరిగే సైకిళ్లకు ఎండిన బురద, వేసవిలో చెమట ఉప్పు కారణం. సిలికాన్ తొడుగు తీసి, మంచినీళ్ల ధారలో కడిగి, విదిలించి, రాత్రంతా ఫ్యాన్ కింద ఆరబెట్టండి. పిన్నీసుతో పొడవద్దు, పంక్చర్ షాపు గాలి గొట్టం పెట్టొద్దు: లోపలి పల్చటి పొర చిరిగితే ఇక మీటర్ మార్చుకోవడమే. వానలో రంధ్రం మీద నీటి పొర కట్టినా ఇవే లక్షణాలు, ఆరితే సర్దుకుంటుంది. వానకని ప్లాస్టిక్ కవరు బిగించి కట్టినా అంతే.

ప్రశ్న: పెడల్ సెన్సర్, గుండె పట్టీ (గుండె వేగం కొలిచే ఛాతీ పట్టీ) రెండింటికీ కంప్యూటర్‌తో కనెక్షన్ ఐదారు నిమిషాలకోసారి తెగిపోతోంది. సెల్ కొత్తదే వేశాను.
(భీమవరం పాఠకురాలు)

జవాబు: ముందు ఫోన్‌ను అనుమానించండి. చాలా సెన్సర్లు బ్లూటూత్‌లో ఒకసారి ఒక పరికరానికే పలుకుతాయి. జేబులో ఫోన్ యాప్ ఆ సెన్సర్‌ను పట్టుకుని కూర్చుంటే కంప్యూటర్‌కు అందదు. యాంట్ ప్లస్‌లో (సెన్సర్లు వాడే ఇంకో వైర్‌లెస్ పద్ధతి) ఈ గొడవ లేదు, ఒకే సెన్సర్ మాటను ఎంతమందైనా వింటారు. ఫోన్ బ్లూటూత్ ఆపి ఒక రైడ్ చేయండి. కనెక్షన్ నిలబడితే, కంప్యూటర్‌లో పాత జతను తీసేసి, యాంట్ ప్లస్ కింద మళ్లీ కలపండి.

అప్పటికీ తెగుతుంటే సెల్ చూడండి, కొత్తదైనా సరే. పిల్లలు మింగకుండా చేదు పూత పూసిన సీఆర్ 2032 సెల్స్ వస్తున్నాయి. మంచి ఉద్దేశమే, కానీ కొన్ని సెన్సర్లలో ఆ పూత అడ్డుపడి కనెక్షన్ సరిగా అందదు. పూత లేనిది వేసి చూడండి, ఇంట్లో పిల్లలుంటే పాతదాన్ని వెంటనే దూరంగా పారేయండి. మల్టీమీటర్‌లో కొత్త సెల్ 3 వోల్టుల పైన చూపాలి. 2.9 లోపు ఉంటే మార్చేయండి. సముద్రపు గాలి తగిలే చోట సెల్ కింది రేకు మీద పచ్చటి తుప్పు పడుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన ఇయర్‌బడ్‌తో తుడిచి, రేకును సూది మొనతో వెంట్రుకవాసి పైకి లేపండి. మూత రబ్బరు రింగుకు సిలికాన్ గ్రీజు పల్చగా రాయండి, వాజెలిన్ వద్దు, కొన్ని రబ్బర్లు దానికి ఉబ్బుతాయి.

హ్యాండిల్ మీద వై-ఫై ఆన్‌లో ఉన్న కెమెరా ఉందా? సెన్సర్లు వాడే 2.4 గిగాహెర్ట్జ్ తరంగాల్లోనే అదీ మాట్లాడుతూ అడ్డుపడొచ్చు. ఇక కంప్యూటర్‌ను వెనక జేబులో వేసుకుని వెళ్తుంటే తెగడంలో వింత లేదు, ఒంట్లో ఉన్న నీరే ఆ తరంగాలను మింగేస్తుంది.

ప్రశ్న: గుండె పట్టీ కట్టగానే పది నిమిషాలు గుండె వేగం 190 చూపించి తర్వాత దారికొస్తుంది.
(నరసాపురం పాఠకుడు)

జవాబు: పట్టీ పొడిగా ఉంది. చెమట పట్టేదాకా ఆగకుండా, కట్టే ముందు రెండు రబ్బరు ముక్కలనూ నీళ్లతో తడపండి. రైడ్ అయ్యాక కడిగి, పాడ్ (సెల్ ఉండే డబ్బీ) ఊడదీసి పెట్టండి. తగిలించే ఉంచితే తడికి మేలుకుని సెల్ తినేస్తుంది.

ప్రశ్న: కోనసీమ తోటల్లో వెళ్తుంటే వేగం 18 నుంచి 27కి ఎగురుతుంది.
(అంబాజీపేట పాఠకుడు)

జవాబు: కొబ్బరి ఆకుల కింద జీపీఎస్ తడబడుతోంది. దూరం తప్పితే వాలూ తప్పుతుంది, కనుక చక్రం నడుమ ఉండే హబ్‌కు స్పీడ్ సెన్సర్ తగిలించండి. చుట్టుకొలతను కంప్యూటర్ తనంత తాను లెక్కవేసుకోవడానికి వదలొద్దు, అది ఆ తడబడే జీపీఎస్ మీదే ఆధారపడుతుంది. మామూలు గాలి ఒత్తిడితో, మీరు సీటు మీద కూర్చుని, వాల్వ్ నేలకు దగ్గరగా ఉన్నచోట సుద్దముక్కతో గీత గీయించి, మూడు చుట్లు నడిపించి మళ్లీ గీయించండి. టేపుతో కొలిచి మూడుతో భాగించండి. 700×25 టైరుకు 2105, 700×32కు 2155 మిల్లీమీటర్లకు దగ్గరగా రావాలి. 20 మిల్లీమీటర్లకు మించి తేడా వస్తే మళ్లీ కొలవండి.