టికెట్ కొనేముందు ఒకసారి ఇది చదువు అమ్మలూ

అమ్మలూ,

మీ నాన్న నిన్న ఫోన్ చేసి చెప్పాడు, నీకు హైదరాబాదులో ఉద్యోగం వచ్చిందట, మన ఒడిశా బరంపురంలో రైలెక్కి ఒక్కదాన్నే వెళ్తానని పట్టుబట్టావట. ఎంత గర్వంగా ఉందో తల్లీ. మన ఇంట్లో ఆడమనిషి ఒంటరిగా రైలెక్కడం ఈ అత్తతోనే మొదలైంది, పట్టుచీరల మూటేసుకుని ఇచ్ఛాపురం, పలాస, విజయనగరం అంటూ మొదలెట్టి సికింద్రాబాదు దాకా తిరిగాను, అందుకు మీ తాతయ్య నాతో చాన్నాళ్లు మాట్లాడలేదు కూడా. నిన్ను ఆపేవాళ్లు ఎవరూ లేరు, అదే సంతోషం. కానీ మీ నాన్న ఇంకో మాట కూడా అన్నాడు, ఫోన్లో రేటు ఎక్కువ చూపిస్తోంది, స్టేషన్లో మిషన్లో చాలా తక్కువ వస్తోంది, అదే తీసుకుని ఎక్కేస్తానన్నావట. ఆ మాట విన్నాక నాకు నిద్ర పట్టలేదు, పొద్దున్నే కూర్చుని ఇది టైప్ చేస్తున్నా, తప్పులుంటే సర్దుకుని చదువుకో.

ముందు ఆ రేట్ల సంగతి తేల్చేద్దాం. మిషన్లో రిజర్వేషన్ రాదమ్మా. జనరల్ టికెట్, ప్లాట్‌ఫారం టికెట్, నెలపాసు రెన్యువల్, అంతే. నువ్వు ఫోన్లో చూసింది స్లీపర్ రేటు. నూలుచీర ధర పట్టుచీర ధర పక్కపక్కన పెట్టి ఇది చవక అన్నట్టుంది నీ లెక్క. స్లీపర్‌ని స్లీపర్‌తోనే పోల్చాలి, అప్పుడు చూస్తే అసలు ఛార్జీ ఐఆర్‌సీటీసీలో అయినా రిజర్వేషన్ కౌంటర్లో అయినా ఒకటే. ఫోన్లో పైన పడేది కన్వీనియన్స్ ఫీజు, ఏసీ కాని టికెట్‌కి యూపీఐతో కడితే 10 రూపాయలు, కార్డుతో కడితే 15, ఏసీకైతే 20, 30, దానిమీద 18 శాతం జీఎస్టీ. అంటే స్లీపర్‌కి యూపీఐతో 11 రూపాయల 80 పైసలు, అది కూడా టికెట్‌కే గానీ మనిషికి ఇంత అని కాదు. మీ ఇంటి దగ్గర్నుంచి స్టేషన్‌కి ఆటోవాడు అంతకంటే ఎక్కువే అడుగుతాడు కదా, మరి కౌంటర్‌కి వెళ్లి మిగిల్చేది ఏటి? వేరే యాప్‌లలో కొంటే మాత్రం వాళ్ల సొంత ఛార్జీ ఇంకోటి ఉంటుంది, ఉచిత క్యాన్సిలేషన్ అనీ గ్యారంటీ అనీ ఏవేవో కలుపుతారు, ఆఖరి పేజీలో మొత్తం ఎంతైందో చూడకుండా కట్టకు.

ఇంకో తేడా బండి రకాన్ని బట్టి వస్తుంది. బండి నంబరు 12 తోనో 20 తోనో 22 తోనో మొదలైతే అది సూపర్‌ఫాస్ట్, జనరల్‌కి 15, స్లీపర్‌కి 30, థర్డ్ ఏసీకి 45 రూపాయలు దానికోసం కలుస్తాయి. ఫలక్‌నుమా అలాంటిదే. కోణార్క్ నంబరు 11 తో మొదలవుతుంది కాబట్టి దానికి ఆ ఛార్జీ లేదు. పైగా కోణార్క్ వరంగల్ మీదుగా పోతుంది, ఫలక్‌నుమా గుంటూరు, నల్గొండ మీదుగా పోతుంది, కిలోమీటర్లు మారితే ఛార్జీ మారుతుంది, అందుకే ఒకే ఊరికి రెండు రేట్లు కనిపించాయి నీకు, ఎవరూ మోసం చెయ్యట్లేదు. మిషన్లో అయితే ఆర్డినరీయా, మెయిల్ ఎక్స్‌ప్రెస్సా, సూపర్‌ఫాస్టా అని అడుగుతుంది, తక్కువుందని ఆర్డినరీ నొక్కి సూపర్‌ఫాస్ట్ ఎక్కావనుకో, టీసీ తేడా డబ్బులతో పాటు కనీసం 250 ఫైన్ రాస్తాడు. నాతో చీరలమ్మడానికి వచ్చే ఆడవాళ్లు ఈ ఒక్క దాంట్లోనే ఎంతమంది ఏడ్చారో.

ఇప్పుడు మీ నాన్న నీకు ఎప్పుడూ చెప్పని కథ ఒకటి చెప్తాను, చెప్పానని వాడికి కోపం వచ్చినా సరే.

వాడు పెళ్లికి ముందు కలకత్తాలో బట్టల కొట్లో పనిచేసేవాడు. ఆ ఏడు మన ఊరి అమ్మవారి జాతర, ఠాకురాణి యాత్ర వచ్చింది, రెండేళ్లకోసారి వచ్చేది కదా, అమ్మ ఉత్తరం మీద ఉత్తరం రాసింది రమ్మని. ఎప్పుడూ హౌరాలో బండెక్కి రాత్రంతా నిద్రపోయి తెల్లారేసరికి ఇక్కడ దిగేవాడు. ఆ సారి కొట్లో సెలవు ఆఖరి నిమిషంలో ఇచ్చారట, తోటి కుర్రాడు కలకత్తాలోనే ఉన్న ఇంకో స్టేషన్ సియాల్దా వైపు వెళ్తుంటే బరంపూర్‌కి ఒక టికెట్ పట్రమ్మన్నాడు. ఆ కుర్రాడు తెచ్చాడు. అప్పట్లో అట్ట టికెట్లు, చిన్నవి, మందంగా ఉండేవి. రేటు చూస్తే మామూలుగా అయ్యే దాంట్లో సగం కూడా లేదు. మనవాడు ఏమనుకున్నాడు, సియాల్దా నుంచి ఏదో పండగ బండి వేశారు, చవకగా దొరికింది, మిగిలిన డబ్బుతో అమ్మకి ఏదైనా కొందాం అనుకున్నాడు. టికెట్ మీద బరంపూర్ పక్కన కోర్ట్ అని కూడా ఉంది, అది చూసి కూడా అనుమానం రాలేదు ఎందుకంటే మన ఊళ్ళో కోర్టుపేట ఉంది కదా, ఆ వైపు కొత్తగా స్టేషన్ కట్టారేమో అనుకున్నాడట!

బండెక్కి పడుకున్నాడు. లేచేసరికి బోగీ మొత్తం ఖాళీ, బయట చీకటి. అది లాల్‌గోలా. ముర్షిదాబాదు జిల్లా, పద్మా నది పక్కన, అవతల ఒడ్డు బంగ్లాదేశ్. వాడి టికెట్ ఉన్న బరంపూర్ కోర్ట్ కూడా దాటిపోయింది, అది ఆ జిల్లాలోనే ఉన్న ఇంకో బరంపురం. టికెట్ లేని దూరం వచ్చాడని చేతిలో ఉన్న డబ్బులు ఫైన్‌కి పోయాయి. మనవాడికి బెంగాలీ అంతంతమాత్రం, ప్లాట్‌ఫారం మీద టీ అమ్మే ముసలాయన బెంచీ మీద చోటిచ్చి పొద్దున్న సియాల్దా బండి చూపించాడట.

ఇక్కడ మా సంగతి విను. అమ్మ తెల్లవారుజామునే నన్ను లేపి స్టేషన్‌కి తీసుకెళ్లింది. హౌరా నుంచి వచ్చిన బండి వచ్చినట్టు చూశాం, ప్రతి బోగీ తలుపు దగ్గరా. మధ్యాహ్నం అయింది, ఇంటికి రానంటుంది, అన్నం ముట్టనంటుంది, ఎవరైనా కుర్రాడు వెనక్కి తిరిగి నడుస్తుంటే వాడేనని పరిగెడుతుంది. అప్పుడు ఇళ్లలో ఫోన్లు లేవు. మర్నాడు సాయంత్రం మా వీధి కిరాణా కొట్టుకి ఫోన్ వచ్చింది, నేను బాగానే ఉన్నాను, వస్తున్నాను అని. వచ్చినప్పుడు ఆ అట్టముక్క ఇంకా జేబులోనే ఉంది. మీ తాతయ్య కొడతాడనుకున్నాం, కొట్టలేదు, టికెట్ చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి "రేటు ఇంత తక్కువున్నప్పుడు దూరం కూడా తక్కువేనని తెలీలేదురా" అన్నాడు, అంతే.

ఈ కథ ఎందుకు చెప్తున్నానంటే ఇప్పటికీ ఆ రెండు ఊళ్లూ ఫోన్లో పక్కపక్కనే వస్తాయి. నువ్వు ఇంగ్లీషులో బరంపూర్ అని కొడితే బెంగాల్‌ది వస్తుంది, మనది బ్రహ్మపూర్ అని ఉంటుంది. పేరు చూడకు, కోడ్ చూడు, మనది బి ఏ ఎం, వాళ్లది బి పి సి. మధ్యప్రదేశ్‌లో బుర్హాన్‌పూర్ ఇంకోటుంది. వెళ్లేటప్పుడు పర్వాలేదు, పండక్కి సెలవు పెట్టి హడావుడిగా వచ్చేటప్పుడే ఇలాంటివి జరుగుతాయి.

అటు చివర కూడా అంతే. సికింద్రాబాదు, నాంపల్లి, కాచిగూడ, లింగంపల్లి, ఇప్పుడు చర్లపల్లి, ఇవన్నీ హైదరాబాదే. చర్లపల్లిలో కొత్త టెర్మినల్ 2025 జనవరిలో తెరిచారు, కొన్ని బళ్లు అక్కడికే పోతున్నాయి. నీ హాస్టల్‌కి ఏది దగ్గరో ముందు కనుక్కో, లేకపోతే టికెట్లో మిగిలింది క్యాబ్‌కి పోతుంది.

జనరల్ వద్దని ఎందుకంటున్నానో కూడా చెప్పేస్తాను, నోటివెంట మంచిమాట రాదేంటని అనుకోకు. 2023 జూన్ 2న బహనగాలో కోరమాండల్ ఎక్స్‌ప్రెస్‌కి జరిగిన ప్రమాదం గుర్తుందా, మన స్టేషన్ మీదుగా పోయే బండే కదా. 290 మందికి పైగా పోయారు. జనరల్ టికెట్ మీద పేరుండదు తల్లీ, ఎవరు ఎక్కారో రైల్వే దగ్గర రాసి ఉండదు. భువనేశ్వర్ ఎయిమ్స్ దగ్గర తల్లిదండ్రులు ఫోటోలు పట్టుకుని తిరగడం టీవీలో చూశాను, డీఎన్ఏ పరీక్షలు చేశారు, అక్టోబర్ దాకా 28 మంది ఎవరో తేలనే లేదు. అప్పట్నుంచి మన పిల్లలెవరు దూరం వెళ్తున్నా నేను అడిగే మొదటి ప్రశ్న రిజర్వేషన్ ఉందా అని. పలాస దాకా అయితే మిషన్లో టికెట్ తీసుకుని వెళ్లిరా, నేనేం అనను. వెయ్యి కిలోమీటర్లకి కాస్త అటూ ఇటూ ఉన్న దూరం, రాత్రంతా ప్రయాణం, ఒక్కదానివి, నీ పేరు, బెర్తు నంబరు ఎక్కడో ఒక చోట రాసి ఉండాలి.

అందుకే ఫోన్లోనే కొను. కొనేటప్పుడు ఇన్సూరెన్స్ కావాలా అని అడుగుతుంది, రూపాయి లోపే, టిక్కు పెట్టు, తర్వాత మెసేజ్‌లో వచ్చే లింకు తెరిచి నామినీ పేరు నింపు, చాలామంది ఇది వదిలేస్తారు. కౌంటర్ టికెట్‌కి ఆ ఇన్సూరెన్స్ లేదు. కోటా అన్న చోట జనరల్ అని వదిలెయ్యకుండా లేడీస్ కూడా చూడు, దూరపు ఎక్స్‌ప్రెస్ బళ్లలో స్లీపర్‌లో ఒంటరిగా వెళ్లే ఆడవాళ్లకి 6 బెర్తులు పక్కన పెడతారు. ఇప్పుడు రిజర్వేషన్ 60 రోజుల ముందు నుంచే ఇస్తున్నారు, 2024 నవంబర్ ముందు 120 రోజులుండేది, కాబట్టి తొందరగా చూసుకో. అకౌంట్‌కి ఆధార్ కలిపి పెట్టుకో, అది లేకపోతే తత్కాల్ ఆన్‌లైన్లో రాదు. తత్కాల్ ముందురోజు ఏసీకి పది గంటలకి, స్లీపర్‌కి పదకొండుకి తెరుస్తారు, స్లీపర్‌కి 100 నుంచి 200 దాకా ఎక్కువ పడుతుంది, నీకు అంత అవసరం రాకూడదు. ఆన్‌లైన్లో వెయిటింగ్ లిస్టులోనే ఉండిపోతే చార్ట్ అయ్యాక అదే క్యాన్సిలైపోతుంది, ఆ టికెట్‌తో బండెక్కకూడదు. ఆధార్ కార్డు అసలుది దగ్గర పెట్టుకో. బోగీలో ఎవరైనా ఇబ్బంది పెడితే మొహమాటపడకు, 139కి చెయ్యి.

తిండి సంగతి మీ అమ్మ చూసుకుంటుంది, నేను అప్పడాలు, ఆవకాయ సీసా పంపిస్తున్నా, సీసా పాలిథిన్‌లో రెండుసార్లు చుట్టాను, మళ్లీ విప్పకు.

ఆదివారం సాయంత్రం ఫోన్ చెయ్యి, ఇద్దరం కలిసి బుక్ చేద్దాం. డబ్బు కట్టేముందు ఆ పేజీ నాకు వాట్సాప్‌లో పెట్టు, ఎక్కడినుంచి ఎక్కడికి, ఏ తేదీ, నీ పేరు స్పెల్లింగ్, అన్నీ నేను కూడా ఒకసారి చదువుతాను. థర్డ్ ఏసీ దొరికితే అదే తీసుకుందాం, తేడా ఎంతైనా నేను వేస్తాను, మీ నాన్నకి చెప్పకు.

మీ అత్త