అమ్మడూ, ఆ స్ప్రే డబ్బా బటన్ ఇంకా నొక్కకు

అమ్మడూ,

ముందు ఈ ఒక్క మాట చెప్పు, ఆ క్లియర్ కోట్ (రంగు మీద వేసే పారదర్శకమైన పైపొర) డబ్బా అడుగున ఉండే బటన్ ఇంకా నొక్కలేదు కదా? నొక్కకపోతే అలాగే పక్కన పెట్టేయ్, ఈ ఉత్తరం మొత్తం చదివేదాకా ముట్టుకోకు.

నీ సొంత డబ్బుతో కారు కొన్నావని, అదీ రంగు వెలిసిన పాత కారు కొని పెయింట్ నేనే చూసుకుంటానంటున్నావని మీ అమ్మ చెప్పినప్పటి నుంచీ ఒక పక్క గర్వంగా ఉంది, ఇంకో పక్క నిద్ర పట్టట్లేదు. మన ఇంట్లో నా పనిని పనిగా చూసింది నువ్వొక్కదానివే తల్లీ. చిన్నప్పుడు షెడ్‌కొచ్చి వాటర్ పేపర్ (తడిపి రుద్దే గరుకు కాగితం) ముక్కలు ఏరి, వెనక ఉన్న నంబర్లు చూసి వరసగా పేర్చేదానివి. కానీ నువ్వు పంపిన ఫోటోలో కారు వెనక షెల్ఫ్ మీద ఆ డబ్బా, దాని పక్కన ఒక మామూలు గుడ్డ మాస్క్, ఆ పైన మూసి ఉన్న షట్టర్ కనిపించాయి. అవి చూశాకే రాయడానికి కూర్చున్నాను.

సరే, ముందు పెయింట్ సంగతి. నీ కారుకి రెండు జబ్బులున్నాయి, రెండిటికీ ఒకే మందు పనిచెయ్యదు. బానెట్, తలుపులు మసకబారాయి. అది ఎండకి పైపొర చచ్చిపోవడం, పాలిష్‌తో చాలావరకు తిరిగొస్తుంది. టాపు, డిక్కీ మీద కనిపిస్తున్న తెల్ల మచ్చలు, అంచులు లేచిన పొరలు మాత్రం క్లియర్ కోట్ ఊడిపోవడం. అక్కడ నువ్వు ఎంత పాలిష్ పట్టినా లాభం లేదమ్మా, లేని పొరని పాలిష్ ఎక్కడి నుంచి తెస్తుంది? పైగా ఆ అంచులు ప్యాడ్‌కి తగులుకుని ఇంకా లేస్తాయి.

ఏ ప్యానెల్ మీద ఏముందో తెలుసుకోవడానికి ఒక తెల్ల బట్ట చాలు. కనపడని మూలన కొంచెం పాలిష్ పెట్టి రుద్ది చూడు. బట్టకి కారు రంగు అంటితే అది సింగిల్ స్టేజ్ పెయింట్, పైన క్లియర్ లేదన్నమాట. అంటకపోతే క్లియర్ ఉన్నట్టే. మెటాలిక్ రంగుల్లో ఈ తేడా అంత స్పష్టంగా తెలియదు, ఇంకోసారి రుద్ది చూడు. ఒక్కచోట చూసి ఊరుకోవద్దు, పాత కారు కదా, ఏ ప్యానెల్ ఎప్పుడు ఎవరి చేతిలో పడిందో మనకి తెలియదు.

కడగడం నీకు చెప్పక్కర్లేదు, అంట్లు తోమే లిక్విడ్ మాత్రం వాడకు. కడిగాక చేత్తో తడిమితే గరుకుగా తగులుతుంటే క్లే బార్ (అంటుకున్న మురికిని లాగేసే మెత్తటి మట్టిముద్దలాంటిది) పట్టు, తడి ఆరనివ్వకుండా.

పాలిష్ ఎప్పుడూ తక్కువ ఘాటు ఉన్నదానితో మొదలుపెట్టాలి. బానెట్ మీద రెండడుగుల చదరం టేపుతో గీసుకో, మెత్తటి ఫోమ్ ప్యాడ్, సన్నరకం పాలిష్‌తో చెయ్యి, తుడిచి లైటు వేసి చూడు. సరిపోకపోతేనే ఇంకో మెట్టు పైకి వెళ్లు. మొదటిరోజే ముతక కాంపౌండ్ పట్టేవాళ్లని చూస్తే నాకు చిర్రెత్తుకొస్తుంది. కంపెనీ నుంచి వచ్చిన పెయింట్ అన్ని పొరలూ కలిపి సుమారు 100 నుంచి 150 మైక్రాన్లు ఉంటుంది, అందులో క్లియర్ 40, 50 మైక్రాన్లు. వెయ్యి మైక్రాన్లయితే ఒక మిల్లీమీటరు, నువ్వే లెక్కేసుకో. ఎండని ఆపేదంతా ఆ క్లియరే. మెరుపు కోసం దాన్ని అరగదీస్తే ఈ ఏడాది మెరుస్తుంది, తర్వాత టాపు గతే పడుతుంది. అంచుల మీద, బాడీ లైన్ల మీద పెయింట్ మరీ పల్చన, అక్కడ టేపు వేసెయ్. పాలిష్ మెషీన్ డ్యూయల్ యాక్షన్‌దే తీసుకో, అంటే ప్యాడ్ తిరుగుతూనే అటూ ఇటూ ఊగే రకం. ఒకే ఇరుసు మీద గిర్రున తిరిగే రోటరీ ఒకేచోట వేడి పుట్టిస్తుంది, అది చెయ్యి తిరిగినవాళ్లకి. నీడలో, రేకు చల్లగా ఉన్నప్పుడే చెయ్యి. అయ్యాక సీలెంట్ (పెయింట్‌ని కాపాడే పూత) పూసుకో, మైనం కన్నా ఎక్కువ కాలం నిలుస్తుంది.

ఇప్పుడు ఆ డబ్బా.

నాకు పని నేర్పిన మేస్త్రీ గురించి నీకు ఎప్పుడూ చెప్పలేదు. ఆయన తడి రేకు మీద అరచెయ్యి పెట్టి, కళ్లు మూసుకుని, ఈ చివర నుంచి ఆ చివరికి ఒక్కసారి జరిపేవాడు. ఎక్కడో ఆగి, వేలితో గుండ్రంగా గీసి, ఇక్కడ ఇంకో రెండుసార్లు పట్టు అనేవాడు. నాకు కంటికి ఏమీ కనపడేది కాదు. పెయింట్ ఆరాక లైటు పెట్టి చూస్తే ఆయన చెప్పిందే నిజమయ్యేది. అంత పనితనం.

అలాంటి మనిషి మూతికి తడి తువ్వాలు కట్టుకుని టూ-కే క్లియర్ కొట్టేవాడు. టూ-కే అంటే హార్డెనర్ కలిపే రకం, నీ షెల్ఫ్ మీదున్న డబ్బాలో బటన్ నొక్కితే కలిసేది కూడా అదే. అందులో ఐసోసయనేట్లు అని ఊపిరితిత్తులకి హాని చేసే రసాయనాలు ఉంటాయి. తువ్వాలు వాటిని ఆపదు. తర్వాత ఎవరో చెబితే మాస్క్ తెచ్చుకున్నాడు, స్ప్రే గన్ పట్టుకున్నంతసేపూ పెట్టుకునేవాడు కూడా. అసలు తప్పు ఆ తర్వాత చేసేవాడు. గన్ ఆపగానే మాస్క్ మెడ మీదకి లాగేసి, ఆ గదిలోనే స్టూలు వేసుకుని, ఫినిషింగ్ ఎలా వచ్చిందా అని రేకు మీదకి వంగి చూస్తూ కూర్చునేవాడు. పొగమంచులాంటిది కనపడకపోతే గాలి శుభ్రపడిపోయిందనే అనుకున్నాడు. ఆ తుంపర మామూలు వెలుతురులో కంటికి ఆనదు, గన్ ఆపాక కూడా గదిలో తేలుతూనే ఉంటుంది. వాసన వచ్చినప్పుడు చూసుకుందాంలే అంటే కుదరదు, దాని వాసన ముక్కుకి తెలిసేలోపే హాని చేసేంత పీల్చేసి ఉంటాం.

మొదట్లో రాత్రిళ్లు దగ్గు. తర్వాత పిల్లికూతలు. పగలు షెడ్‌లో బాగానే ఉండేవాడు, ఇంటికెళ్లి పడుకున్నాకే మొదలయ్యేది, అందుకే పెయింట్ మీద ఎవరికీ అనుమానం రాలేదు. సెలవుల్లో తగ్గిపోయేది, పనిలోకి రాగానే తిరగబెట్టేది. చలిగాలి అన్నాం, దుమ్ము అన్నాం. చివరికి ఎంతదాకా వచ్చిందంటే, షెడ్‌కి ఆ చివర నేను హార్డెనర్ మూత తీస్తే ఈ చివర ఆయన ఛాతీ పట్టుకుని బయటికి పరిగెత్తేవాడు. ఒకసారి ఒంటికి అది పడకుండా పోయిందంటే, తర్వాత పిసరంత తగిలినా ఆయాసం వచ్చేస్తుందట, డాక్టరు చెప్పాడు. ఇంక ఈ పని వద్దన్నాడు. తెలిసిన ఒకే ఒక్క పని అది. తర్వాత ఎప్పుడైనా షెడ్‌కి వచ్చినా గుమ్మం దగ్గరే నిలబడేవాడు. రేకు బయటికి తీసుకొచ్చి చూపించమనేవాడు, చెయ్యి పెట్టి చూసేవాడు.

నీకు చిన్నప్పుడు ప్రతి చలికాలం ఆయాసం వచ్చేది, మీ అమ్మ నిన్ను భుజాన వేసుకుని తెల్లవార్లూ తిరిగేది, గుర్తుందో లేదో. నాకు గుర్తుంది. ఆ గుడ్డ మాస్క్, షట్టర్ దించిన గది, ఆ డబ్బా, ఇవి మూడూ ఒకే ఫోటోలో చూశాక నాకేమనిపించి ఉంటుందో ఆలోచించు. ఇది వృత్తిలో ఉన్నవాళ్లకే అంత తేలికైన వ్యవహారం కాదు. ఐరోపాలో 2023 ఆగస్టు నుంచి ఈ రకం సరుకుతో పనిచేసేవాళ్లు శిక్షణ తీసుకుని తీరాలని నిబంధన పెట్టారు. బూత్ (గాలిని బయటికి లాగేసే పెయింటింగ్ గది), బయటి నుంచి గాలి అందే మాస్క్ ఉన్నచోట కొట్టాల్సింది అది, కారు పెట్టుకునే గదిలో కాదు.

ఇంకో మాట, దాన్ని కొట్టినా నీ టాపు బాగుపడదు. ఊడుతున్న క్లియర్ మీద కొత్త క్లియర్ వేస్తే కింది పొరతో పాటు పైదీ లేచిపోతుంది. ఇన్నాళ్లూ ఎండలో బయటపడి ఉన్న రంగు కూడా చచ్చిపోయింది, దాని మీద క్లియర్ ఒక్కటే వేస్తే మచ్చలు అలాగే కనపడతాయి. ప్యానెల్ మీద పాత పొరలన్నీ గీకేసి, ప్రైమర్, రంగు, క్లియర్ మూడూ పడాలి.

అందుకని ఇలా చెయ్యి. పాలిష్ పని అంతా నీది. టాపు, డిక్కీ గీకే పనీ నువ్వే చెయ్యి, అందులోనే సగం చాకిరీ ఉంది, ఆ సగం ఖర్చూ మిగులుతుంది. వాటర్ పేపర్‌తో, తడి చేస్తూనే రుద్దు, పొడిగా రుద్దొద్దు, పాత పెయింట్లలో సీసం ఉండొచ్చు. చేతులకి గ్లవ్స్ వేసుకో, ఆ నీళ్లు ఆరి పొడి కాకముందే తుడిచేయ్. స్ప్రే మాత్రం బూత్ ఉన్న పెయింటర్‌తో చేయించు. నువ్వు దగ్గరుండి చూడాలంటే అద్దం బయటి నుంచి చూడు. కోపం తెచ్చుకోకు, నీకు చేతకాదని కాదు.

గీకడం మొదలుపెట్టేముందు ముందద్దం రబ్బరు పైకెత్తి, దాని కింద టాపు అంచంతా బొటనవేలితో నొక్కుకుంటూ రా. పాత కార్లకి తుప్పు పట్టే చోట్లలో అదొకటి. పెయింట్ కింద చిన్న చిన్న బొబ్బలున్నా, రేకు ఎక్కడైనా మెత్తగా దిగినా అక్కడే ఆపి నాకు ఫోన్ చెయ్యి, అప్పుడు ముందు వెల్డింగ్ పని చూసుకోవాలి, పెయింట్ తర్వాత.

మామయ్య